అద్దంలో ఫోటో దిగిన ఇల్లు

ముప్పై ఏళ్లకు పైగా నువ్వు చేసిన పని ఏమిటని ఎవరైనా అడిగితే, మచ్చలు తీసెయ్యడం అని చెబుతాను. బట్టల మీద మచ్చలు కాదు, ఫోటోల్లో మనుషుల మొహాల మీద మచ్చలు. నరసన్నపేటలో మా స్టూడియోకి వచ్చి ఫోటో దిగినవాళ్ల స్ఫోటకం గుంటలు పూడ్చాను. కళ్ల కింద నలుపు తీశాను. పెళ్లిచూపులకి పంపే ఫోటో అని తల్లి వెంటబెట్టుకొచ్చిన పిల్లకి నుదుటి మీద గాటుంటే అదీ లేకుండా చేశాను. పెళ్లయ్యాక అత్తవారింట్లో నా పనితనం ఎంతమందికి బయటపడిందో మరి నాకు తెలియదు.

దాన్ని టచింగు అనేవాళ్లం. నేను చదివింది అయిదో తరగతి. నేను కాపురానికి వచ్చేసరికి మా ఆయన తన మేనమామగారి స్టూడియోలో ఫోటోలు తీస్తుండేవారు. మేనమామగారికి అప్పటికే చూపు తగ్గింది, చెయ్యి వణుకుతోంది. టచింగుకి బయటి మనిషిని పెట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు. వాకిట్లో నేను వేసిన ముగ్గు చూసి, "ఈ పిల్ల సెయ్యి వణకదురా, బల్ల కాడ కూకోబెట్టు" అన్నారు. అంతే, నాకు ఉద్యోగం వచ్చింది. కిటికీ దగ్గర ఒక వాలు బల్ల, దాని మధ్యలో గాజు, వెలుగు కింది నుంచి పైకి కొట్టేలా ఒక చిన్న అద్దం. ఒక భూతద్దం. చెక్కిన పెన్సిళ్లు, సన్నటి కత్తి.

ఫిల్ములు వచ్చేసిన రోజులే గానీ మా పెద్ద కెమెరాకి ఇంకా గాజు ప్లేట్లే వాడేవాళ్లం. ప్లేటు మీద లోకమంతా తారుమారుగా ఉంటుంది. తెల్ల పంచె నల్లగా కనిపిస్తుంది, నల్ల జుట్టు తెల్లగా కనిపిస్తుంది. ఫోటోలో నల్ల మచ్చ వద్దనుకుంటే ప్లేటు మీద పెన్సిలుతో అద్దాలి. తెల్ల మచ్చ వద్దనుకుంటే ప్లేటు మీద ఆ నలుపుని కత్తి మొనతో గీకాలి. పెన్సిలు తప్పు పడితే తుడిచేసి మళ్లీ అద్దుకోవచ్చు. కత్తితో గీకింది మాత్రం మళ్లీ రాదు. "కత్తి తీసినప్పుడు ఊపిరి కూడా ఆపుకో" అనేవారు మేనమామగారు. నేను ఊపిరి ఆపుకోవడం బాగానే నేర్చుకున్నాను. ఆపవలసింది ఇంకొకటి ఉందని ఎవరూ చెప్పలేదు.

పంతొమ్మిది వందల అరవైల చివరి రోజులవి. మా బజారులో ఒక బట్టల షావుకారు తన కొట్టుకి ముందు నిలువెత్తు గాజు అద్దాలు పెట్టించాడు. విశాఖపట్నం నుంచి లారీలో గడ్డిలో చుట్టి తెచ్చారు. అంతవరకూ మా ఊళ్లో బట్టల కొట్టంటే పరుపు మీద కూర్చుని బేళ్లు విప్పించుకోవడమే. ఈ కొట్టులో చీరలు అద్దం వెనక దీపాల కింద నిలబడి ఉండేవి. పల్లెల నుంచి వచ్చినవాళ్లు చీరలు చూసేవారు, చీరల మీద పడ్డ తమ నీడ చూసుకునేవారు, అద్దానికి అరచేతులు ఆనించి లోపలికి తొంగిచూసేవారు. సాయంత్రానికి ఆ అద్దమంతా చేతి మరకలే.

ఆ కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఒక ధాన్యం వ్యాపారి ఇల్లు ఉండేది. ఒంటి అంతస్తే గానీ ముందు గోడ ఎత్తుగా, ఠీవిగా ఉండేది. నాలుగు గుండ్రటి స్తంభాలు, మధ్యలో సింహద్వారం మీద కమాను, పైన పిట్టగోడ పొడుగునా సున్నంతో తీర్చిన తామరలు. గచ్చులోనే కావి రంగు కలిపి పూసిన గోడ. ఏళ్లు గడిచినా మళ్లీ రంగు వెయ్యనక్కర్లేకపోయింది. ఇదంతా ఇంత బాగా చెబుతున్నాను గానీ, ఆ దారినే రోజూ నడిచినా నేను ఆ ఇంటిని ఎన్నడూ చూడలేదు. చూసే వీలు లేదు. వీధి వెడల్పు పదిహేను అడుగులు ఉంటుందో ఉండదో. ఇంటి ముందు నిలబడితే అరుగే కనిపిస్తుంది. పైకి చూడాలంటే మెడ విరవాలి. నడివీధిలో తల పైకెత్తి నిలబడ్డ ఆడదాన్ని ఆ రోజుల్లో ఏమంటారో మీ అమ్మమ్మల్ని అడగండి.

ఆ ఇల్లు పడగొట్టి సిమెంటు మేడ వేస్తారని తెలిసిన కొత్తలో, షావుకారు ఒకరోజు మా స్టూడియోకి వచ్చాడు. మనిషి మండిపోతున్నాడు.

"బావా, నీ చిన్న కెమెరా పట్టుకొని ఒకసారి రా. ఒక ముసలోడి ఫోటో తియ్యాల."

"ఎవుడా ముసలోడు?" అన్నారు మా ఆయన.

"ఎవుడో! ప్రతి సంత రోజునీ వస్తన్నాడు. ఎదరింటి అరుగుకి సేరబడి నా కొట్లోకే గుడ్లప్పగించి సూస్తన్నాడు. లోపల ఆడోళ్లు సీరలు బేరమాడుకుంటున్నారా? ఈడు కదలడు. పళ్లూడిపోయాక ఈ బుద్ధేటి? ఫోటో తీసియ్యి, టేసన్లో ఇచ్చెస్తాను."

మా ఆయన నవ్వుకుంటూ వెళ్లారు. గంట తర్వాత వచ్చారు. ఫోటో తియ్యలేదు. నవ్వూ లేదు. నేను అన్నం పెట్టి కూర్చుంటే, ముద్ద కలిపి అలాగే ఉండిపోయారు.

"ఏటయ్యింది?" అన్నాను.

అప్పుడు చెప్పారు. ఆ ముసలాయన కోటబొమ్మాళి వైపు పల్లె నుంచి నడిచి వస్తున్న తాపీమేస్త్రి. నలభై ఏళ్ల కిందట ఆ ఇంటి ముందు గోడ, తామరలు, కమాను ఆయన చేత్తో చేసినవే. మా ఆయన పక్కకెళ్లి నిలబడి, "ఏటి తాతా, ఎవుల్ని సూస్తన్నావు?" అని అడిగారట.

"ఇంటిని బాబూ."

"ఇల్లు నీ ఎనకాల ఉంటే ముందుకి సూస్తావేటి?"

"ఎనక్కి తిరిగితే గోడ కనబడతాది, ఇల్లు కనబడదు. ఆ గాజులో సూడు. నిండా ఉన్నాది."

మా ఆయన చూశారు. నిజమే. ఇరుకు వీధి అద్దంలోకి వెళ్లి రెండింతలైంది. పిట్టగోడ నుంచి అరుగు దాకా, ఈ చివర స్తంభం నుంచి ఆ చివర స్తంభం దాకా ఇల్లంతా అద్దంలో దూరంగా నిలబడి ఉంది.

"కట్టినప్పుడు నాను సారవ కర్రల మీద ఉన్నాను బాబూ," అన్నాడట మేస్త్రి. "నా ముక్కు గోడకే ఆనుకొని ఉన్నాది. కట్టీసినాక మరో ఊరు పనికెళ్లిపోనాను. దీన్ని నిండా సూడ్డం ఇదే. అదీ పొగలోంచి సూసినట్టే. కళ్లలో పూలు పడ్డాయి. దూరం ఆనదు. సేతిలో ఎట్టుకుంటే ఆనుతాది. కొట్టీకముందు ఒక పటం తీసియ్యగలవా?"

మా ఆయన అన్నం చేత్తోనే ఆకు మీద గీత గీసి చూపించారు నాకు. ఇది వీధి, ఇది ఇల్లు, ఇది అద్దం. "నాను రెండేళ్ల కిందట ఆ ఇల్లు తియ్యబోయి ఒగ్గీసినానే. కెమెరాలో పట్టనేదు. ఎనక్కెల్దామంటే ఎనక కొట్టు. ఆ ముసలోడికి తట్టింది నాకు తట్టనేదు," అన్నారు. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇల్లు కొట్టడానికి ముహూర్తం వారం రోజుల్లో ఉంది.

అద్దంలో పడ్డ ఇంటిని ఫోటో తియ్యడం అంటే ఇల్లు ఒక్కటే వస్తుందనుకోకండి. అద్దం వెనకున్నదీ వస్తుంది, అద్దం మీదున్నదీ వస్తుంది, అద్దం ముందున్నదీ వస్తుంది. కమాను మధ్యలో ఒక గళ్లచీర వేలాడుతుంది. తామరల మీద ట్యూబులైటు వెలుగుతుంది. అన్నిటి మధ్యా కెమెరా, కెమెరా వెనక మా ఆయన. వీటన్నిటినీ పక్కకి తప్పించడమే పని. ఇల్లు ఎలాగూ కదలదు.

మొదట షావుకారిని ఒప్పించాలి. ముసలాయన చూస్తున్నది ఆడవాళ్లని కాదని తెలిశాక ఆయన కాస్త చల్లబడ్డాడు. తన కొట్టు అద్దం ఫోటోకి పనికొస్తుందని విని పొంగిపోయాడు కూడా. చీరలు తీసెయ్యాలి అనేసరికి మళ్లీ మండాడు.

"నా కొట్టు ఫోటో తీస్తూ నా సీరలు తీసీమంటారేటి? సీరలుండనీ, ఇల్లుండనీ. రెండూ కలిసొస్తే మీకొచ్చిన నష్టమేటి?"

"ఇల్లు సీర కట్టుకున్నట్టుంటాది అన్నయ్యా," అన్నాను.

షావుకారు భార్య గల్లా పక్కనుంచి పకపకా నవ్వింది. ఆవిడ నవ్వాక ఆయన దిగొచ్చాడు. గురువారం మధ్యాహ్నం రెండు గంటల నుంచి గంటసేపు కొట్టు మూసుకుంటానని ఒప్పుకున్నాడు. ఆ వేళకి ఎండ వీధి దాటి ఆ ఇంటి మొహం మీద నిండుగా పడుతుంది, అద్దం నీడలో ఉంటుంది. మా ఆయన మూడు రోజులు ఎండనే కాపలా కాశారు.

ఆ గురువారం నేను ఒంటి గంటకే వెళ్లాను. చీరలన్నీ తీయించాను. దీపాలు ఆర్పించాను. అద్దానికి లోపల జానెడు దూరంలో నల్ల కంబళ్లు కట్టించాను. అవి మా స్టూడియో చీకటిగదివి కొన్ని, షావుకారి గొడౌనువి కొన్ని. కంబళ్లు కట్టగానే అద్దంలో ఇల్లు ఒక్కసారిగా తేటపడింది. తర్వాత బకెట్టు, గుడ్డ, ముగ్గుపిండి పట్టుకుని స్టూలెక్కి బయటినుంచి అద్దం తుడవడం మొదలుపెట్టాను. చేతి మరకలు, నూనె మరకలు, ఎవరో పిల్లాడు ముక్కు ఆనించిన చోటు. నా మొహం అద్దానికి, నా వీపు ఆ ఇంటికి. ఒక చోట మాత్రం, నా తలకి పైన, చిన్నపిల్లల అరచేతి మరక ఒకటి ఎంత రుద్దినా పోలేదు. లోపలివైపు ఉందేమో అనుకున్నాను. చీరలు పెట్టే గట్టు మీదికి పిల్లలు ఎక్కుతూనే ఉంటారు. కంబళ్లు మళ్లీ విప్పాలంటే వేళ దాటిపోతుంది. ఇంతలో మా ఆయన అవతలి నుంచి కేక వేశారు.

"దిగే, దిగు! ఎండొచ్చీసింది!"

ఆయన ఇంటివాళ్లని అడిగి కెమెరాని ఆ ఇంటి సింహద్వారంలోనే పెట్టారు, గడప మీద. తలుపులు బార్లా తీసి, లోపల కిటికీలు మూయించారు. చీకటి ద్వారంలో నల్ల గుడ్డ కప్పుకున్న కెమెరా, నల్ల గుడ్డలో దూరిన మనిషి అద్దంలో కనబడరు. మంచి ఉపాయం. అద్దాల మధ్య రెండు చెక్క కమ్ములుంటే, కెమెరాని నాలుగు వేళ్లు ఇటు, రెండు వేళ్లు అటు జరిపి, ఆ కమ్ములు సరిగ్గా స్తంభాల మీద పడేలా చేశారు. స్తంభాల్లో కలిసిపోయాయి. ఆ నేర్పు చూడాలి మీరు.

ఇంక మిగిలింది జనం. కెమెరా కన్ను చిన్నది చేసి చాలాసేపు తెరిచి ఉంచుతారు గనక నడిచిపోయేవాళ్లు ప్లేటు మీద పడరు. నిలబడ్డవాళ్లే పడతారు. కెమెరా చూస్తే నిలబడనివాడెవడు? సగం బజారు అక్కడే నిలబడింది. బతుకంతా "కదలకండి, కదలకండి" అని చెప్పి బతికిన మనిషి ఆ రోజు గుడ్డలోంచి తల బయటపెట్టి, "కదలండర్రా బాబూ! నడండి! నిలబడొద్దు!" అని గొంతు చించుకున్నారు. జనానికి అది ఇంకా వింతై, ఇంకా నిలబడ్డారు. నేను తడిగుడ్డ విదిలించుకుంటూ వీధిలోకి దిగి, గేదెల్ని తోలినట్టు తోలాను. మేస్త్రి తాత మాత్రం ఆ రోజు రాలేదు. మళ్లీ సంత రోజుకి గానీ రాడు.

మొదటి ప్లేటు పాడైంది. లోపల చీకట్లో కూర్చోలేక షావుకారు కంబళి సందులోంచి తల దూర్చి చూశాడట. ప్లేటు కడిగి చూస్తే, స్తంభాల మధ్య గాలిలో వేలాడుతూ ఆయన తలకాయ, మీసాలతో సహా. రెండో ప్లేటు మాత్రం, ఏమని చెప్పను, అటువంటి ప్లేటు మా స్టూడియోలో అంతకుముందు లేదు. మేనమామగారు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, "ఒరే, ఇది ఇల్లురా!" అన్నారు. అంతకంటే ఆయన ఎవర్నీ మెచ్చుకోగా నేను వినలేదు.

చెడిన ప్లేట్లని వేడినీళ్లలో బొమ్మ పోయేలా కడిగేసి ఆ గాజుల్ని చిన్న పటాలకి ఫ్రేములు కట్టడానికి వాడుకునేవాళ్లం. ఆ అలవాటు ప్రకారం షావుకారి తలకాయ పడ్డ ప్లేటు ఆ సాయంత్రమే నేనే కడిగేశాను.

మర్నాడు పొద్దున్న మంచి ప్లేటు నా బల్ల మీదికి వచ్చింది. కరెంటు తీగ ఒకటి పిట్టగోడ మీదుగా పోతుంటే దాన్ని పెన్సిలుతో సర్దాను. ఎక్కడో ఒక కాకి వాలిన గుర్తు ఉంటే సర్దాను. అప్పుడు కనిపించింది. కమాను పక్కన, నువ్వుగింజంత, చిన్న అరచెయ్యి. నిన్న ఎంత రుద్దినా పోనిదే. నా నిర్లక్ష్యం నన్నే వెక్కిరించినట్టయింది. ఇంత గొప్ప ప్లేటులో ఎవరో పిల్లాడి చేతి మరక! కత్తి తీశాను. ఊపిరి ఆపుకున్నాను. మూడు నిమిషాల్లో గోడ గోడలో కలిసిపోయింది. మేనమామగారు భూతద్దం పెట్టి వెతికి, ఏదీ కనబడక తలాడించారు.

ఇప్పుడు మీ ఫోన్లలో వేలితో రుద్దితే వెనకనున్న మనిషి మాయమైపోతాడట. నచ్చకపోతే మళ్లీ నొక్కితే తిరిగి వచ్చేస్తాడట కూడా. మొదటిది నాకూ చేతనవును. ఆ రెండోది చూస్తేనే నాకు మీమీద ఈర్ష్య.

ఆదివారం నాడు ఇల్లు కొట్టడం మొదలుపెట్టారు. గానుగ సున్నం గోడ గునపానికి లొంగలేదని, పెద్ద పెద్ద చెక్కలుగా విరిగిందని చెప్పుకున్నారు. ఆ దుమ్ము మా స్టూడియో దాకా వచ్చి బల్ల మీద పడింది. సంత రోజుకి అక్కడ నేల మట్టం.

ఆ రోజే మేస్త్రి తాత వచ్చాడు. నేరుగా స్టూడియోకి వచ్చాడు, బజారువైపు వెళ్లలేదు. మేము పెద్ద కాగితం మీద అచ్చు తీసి ఉంచాం. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి గనక ప్లేటు తిరగేసి పెట్టి అచ్చు తీశారు మా ఆయన. తాత పటాన్ని వెలుగులోకి తిప్పి, కుడి కంటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని, పిట్టగోడ చివర నుంచి చూడ్డం మొదలుపెట్టాడు. మనం చూసినట్టు కాదు. పటాన్నే మెల్లగా జరుపుకుంటూ, ఒక్కొక్క తామర దగ్గరా ఆగుతూ.

"ఈ పువ్వు నాను సెయ్యనేదు, మా తమ్ముడు సేసినాడు. రేకు లావు," అని నవ్వాడు. "ఈ స్తంభం రెండు మార్లు పడగొట్టి కట్టినాను. ఓలమ్మ, ఎంత బాగున్నాదమ్మా!"

కమాను దగ్గరికి వచ్చి ఆగాడు. పటం ఇటు జరిపాడు, అటు జరిపాడు. కన్ను తుడుచుకుని మళ్లీ పెట్టాడు.

"తల్లీ, ఇక్కడ ఒక సెయ్యుండాల. కనబడతందా నీకు?"

"ఏటి సెయ్యి తాతా?" అన్నాను.

"మా ఇంటిదాని సెయ్యి. అది సున్నం దంచీది. కమాను పక్కన కావి పూత పూసినాను, తడి ఆరనేదు. సున్నం తట్ట పట్టుకొని సారవ ఎక్కొచ్చి, తెల్లటి సేత్తో ఫట్‌మని సరిసింది. ఏటే ఇది, ఇంటి బుగత సూస్తే సంపుతాడే అంటే నవ్వుతాది. బుగతలు పైకి సూడరులే అన్నాది. నిజమే, ఎవులూ సూడనేదు. మరుసటేడు పోనాది తల్లీ, పురిట్లో. ఫోటోలా, పటాలా మాకు? ఈ ఊళ్లో దానిది మిగిలింది ఆ సెయ్యొక్కటే."

"మరి ముందరే సెప్పనేదేటి తాతా?" అన్నారు మా ఆయన.

"సెప్తే నవ్వరా బాబూ? పెళ్లాం సెయ్యి ఫోటో తియ్యండని ఈ వయసులో ఎలగడుగుతాను? ఇల్లు తీస్తే అదీ వస్తాదనుకున్నాను." మళ్లీ నా వైపు తిరిగాడు. "కనబడతందా తల్లీ?"

నేను చెప్పవలసిన మాట ఒకటి. నోట్లోంచి వచ్చింది వేరు.

"అక్కడ అద్దం మసగ్గా ఉన్నాది తాతా. పడనేదు."

ఆయన తల ఊపాడు. "అది ఎప్పుడూ అంతే. కొత్తోళ్లు సూస్తన్నారంటే తలుపు సాటుకెళ్లిపోయీది," అన్నాడు. పటం కండువాలో చుట్టుకుని, మమ్మల్ని దీవించి వెళ్లిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక మా ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు.

"నువ్వు గీకినావా?"

తల ఊపాను. "అద్దం మీద మరకనుకున్నాను."

"ఎలగున్నాది ఆ మరక? మసగ్గానా, తేటగానా?"

"తేటగానే. వేళ్లు లెక్కెట్టొచ్చు."

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. "నాను కెమెరా సూపు ఇంటికి సరిసేసి తీసినాను కదే. అద్దం మీదున్నదైతే అలుక్కుపోయినట్టుండాల. తేటగా ఉన్నాదంటే ఇంటి మీదిదే."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన మాత్రం ఏం తిడతారు? ఆయన ఆ ఇంటి గడపలోనే నిలబడి, దానికి వీపు పెట్టి ఫోటో తీశారు. నేను స్టూలెక్కి, దానికి వీపు పెట్టి అద్దం రుద్దాను. మా ఇద్దరిలో ఎవరమైనా ఒక్కసారి మెడ తిప్పి ఉంటే చాలు. పదిహేను అడుగుల దూరంలో నిజం చెయ్యి, నిజం గోడ మీద, ఎండలో ఉంది.

వారం రోజులు నాకు అన్నం సయించలేదు. చివరికి ఒక ఆలోచన వచ్చింది, అటువంటి పని చేసేవాళ్లకే వచ్చే ఆలోచన. తీసెయ్యడమే కాదు, పెట్టడం కూడా నాకు చేతనవును కదా! కొత్త అచ్చు తీయించుకున్నాను. తెల్ల రంగు, ఒంటి వెంట్రుక కుంచె తీసుకున్నాను. నా అరచేతికి ముగ్గుపిండి రాసుకుని గోడకి కొట్టి, అది చూస్తూ, కమాను పక్కన వడ్లగింజంత చెయ్యి వేశాను. అయిదు వేళ్లూ తీర్చాను. మేనమామగారు సైతం కనిపెట్టలేకపోయారు. నా జీవితంలో అంత సన్నటి పని నేను మళ్లీ చెయ్యలేదు.

తర్వాతి సంతకి రమ్మని తాత పల్లెకి కబురుపెట్టి పిలిపించాం. "ఇంకో అచ్చు తీసినాం తాతా, ఇందులో పడింది సూడు," అని చేతికిచ్చాను.

కంటి దగ్గర పెట్టుకున్నాడు. కమాను దగ్గరికి వచ్చాడు. ఆయన మొహం వెలిగింది. నా ప్రాణం లేచి వచ్చింది. "ఉన్నాది," అన్నాడు. "ఉన్నాది తల్లీ." తర్వాత పటం ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు, ఇంచుమించు కనురెప్పకి ఆనేలా. ఆ వెలుగు అలా అలా తగ్గిపోయింది.

"సిటికినేలు తిన్నగా ఉన్నాది," అన్నాడు మెల్లిగా. "దానికి వంకర. సున్నం దంచినప్పుడు దెబ్బ తగిలి, అతుక్కోనేదు." పటం దించి నన్ను చూశాడు. ఆ పూలు పడ్డ కళ్లకి నేను ఎంతవరకూ ఆనానో తెలియదు. "ఇది నువ్వేసినావా తల్లీ?"

"ఏసినాను తాతా."

"అయితే అద్దం మసక కాదన్నమాట."

"కాదు తాతా. మరకనుకొని కత్తితో నానే గీకీసినాను. ఆ రోజు నీకు అబద్ధమాడినాను." ఏడుపు ఆగలేదు నాకు.

మా ఆయన ఏదో అనబోతుంటే తాత చెయ్యి ఎత్తి ఆపాడు. "ఊరుకో తల్లీ, ఊరుకో. నీకొక మాట సెప్తాను. అది సెయ్యి సరిసినప్పుడు నానూ కుంచె ఎత్తినాను, సెరిపీడానికి. నా పూత పాడుసేసిందని ఎంత కోపమో! కుంచె గోడకి ఆనిస్తన్నాను, ఇంతలో కిందనుంచి గంజికి పిలిచినారు. తాగొచ్చి సెరుపుదాంలే అని దిగిపోనాను. వచ్చేసరికి గట్టిపడిపోనాది. అంతే తేడా. ఆ యేళకి నిన్ను గంజికి పిలిచినోళ్లు నేరు."

నేను ఏడుస్తూనే నవ్వాను. ఆయనా నవ్వాడు, పళ్లు లేని నవ్వు. నేను వేసిన పటాన్ని నా బల్ల మీద పెట్టి, తన కర్ర తీసుకున్నాడు.

"ఇది నీకాడే ఉండనీ. నాకు మునుపటిది సాలు."

"అందులో సెయ్యి నేదు కదా తాతా."

"నేదు గానీ, ఎక్కడుండాలో నాకు తెలుసు. ఖాళీగా ఉంటే అక్కడ కన్నెట్టి సూసుకుంటాను, ఆనుతాది. ఇందులో నీ సెయ్యి అడ్డొస్తాది తల్లీ."

ఆయన మళ్లీ సంతకి రాలేదు. రావడానికి బజారులో ఇంకేముంది? రెండేళ్లకో మూడేళ్లకో కోటబొమ్మాళి నుంచి ఫోటోకి వచ్చిన ఒకాయన చెప్పాడు, మేస్త్రి పోయాడని, పటాన్ని తనతోపాటే పెట్టమన్నాడని, పెట్టారని. ఎదురింటి చోట సిమెంటు మేడ లేచింది. షావుకారి అద్దంలో దాని మెట్లు, సైకిళ్లు కనిపించేవి.

నేను ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా బల్ల దగ్గర కూర్చున్నాను. కత్తి తీసే ముందు అడగడం అలవాటు చేసుకున్నాను. ఈ మచ్చ ఉంచమంటారా, తియ్యమంటారా? చాలామంది నవ్వి తియ్యమనేవారు. కొందరు మాత్రం ఆగేవారు. మొహం మీదికి చెయ్యి పోయేది, ఒక నిమిషం ఆలోచించేవారు, ఉండనీండి అనేవారు. ఎందుకని నేను అడిగేదాన్ని కాదు. ఆ నిమిషం ఆగడం చూస్తే నాకు ప్రాణం కుదుటపడేది.

ఇంత రాశాను గానీ ఇందులో ఎవరి పేరూ రాయలేదు. షావుకారి పిల్లలున్నారు, ధాన్యం వ్యాపారి మనవలున్నారు, వాళ్లకి ఇష్టం ఉంటుందో ఉండదో. మేస్త్రి తాత పేరు తెలిసీ రాయలేదు, పెద్దాయన గుట్టు. మా ఆయన పేరు నేను ఎలాగూ చెప్పను. ఆవిడ పేరు మాత్రం నాకు తెలియకే రాయలేదు. ఆయన 'అది' అన్నాడు, 'మా ఇంటిది' అన్నాడు. ఆవిడ నవ్వు గురించి, వంకర వేలు గురించి, తలుపు చాటుకి వెళ్లిపోవడం గురించి చెప్పాడు. పేరేమిటి తాతా అని నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడే.